పీఎఫ్‌ఐసీ ఉన్న పాపకి పథ్యం వద్దు, ముందు బరువు చూడండి

సూళ్లూరుపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. పాపకి తొమ్మిది నెలలు. మూడో నెల నుంచి కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆరో నెల దాటాక ఒళ్ళంతా దురద మొదలై రాత్రుళ్ళు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. జన్యు పరీక్షలో పీఎఫ్‌ఐసీ (పైత్యరసం సరిగా పారక లివర్ దెబ్బతినే జన్యు జబ్బు) రెండో రకం అని వచ్చింది. లివర్ మార్పిడి వెంటనే చేయించమని ఒక డాక్టరు, ఇప్పుడే తొందర లేదని ఇంకో డాక్టరు అన్నారట. చెన్నై రావాలా, డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి, మేనరికం చేసుకున్నందుకే ఇలా జరిగిందా అని అడిగారు. చివర్లో, వాళ్ళమ్మగారు ఉప్పు, నూనె మాన్పించి పథ్యం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా అని కూడా అడిగారు.

మాది నెల్లూరు. చెన్నైలో పిల్లల లివర్ వార్డులో నర్సుగా చేరి, ఇప్పుడు మార్పిడి కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. మందుల మోతాదులు మీ డాక్టరే చెప్పాలి, అవి నేను రాయను. మిగతావన్నీ రోజూ చూస్తున్నవే కాబట్టి వివరంగా చెప్తాను.

మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెప్పాలి. ఎందుకంటే అది ఇవాళ రాత్రి పాపకి అన్నం పెట్టేలోపే తేలిపోవాలి. దయచేసి పథ్యం పెట్టకండి. కామెర్లు అనగానే మన ఇళ్ళల్లో నూనె, నెయ్యి, పప్పు ఆపేసి చప్పిడి మజ్జిగన్నం పెడతారు, చెరకు రసం తాగిస్తారు. పెద్దవాళ్ళకి కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పథ్యానికీ పసరు మందుకీ దక్కింది. మీ పాపవి ఆ కామెర్లు కావు. పసరు కూడా పొయ్యకండి. అందులో ఏముందో తెలియదు, ఆ లివర్‌కి ఇంకో భారం మొయ్యగల ఓపిక లేదు.

జబ్బు ఏమిటో తెలిస్తే మీ అమ్మగారికి మీరే చెప్పగలరు. లివర్ కణాల్లో తయారయ్యే పైత్య లవణాలని పైత్యరసంలోకి తోసెయ్యడానికి ఒక పంపు ఉంటుంది. ఆ పంపు ఎలా తయారవ్వాలో ఏబీసీబీ11 అనే జన్యువులో రాసి ఉంటుంది. పీఎఫ్‌ఐసీ రెండో రకంలో ఆ పంపు అసలు ఉండదు, లేదా సరిగా పనిచెయ్యదు. లవణాలు లివర్‌లోనే నిలిచిపోయి దాన్ని దెబ్బతీస్తాయి, రక్తంలోకి చేరితే దురద పుడుతుంది. పేగులోకి రావాల్సినవి రాకపోవడంతో తిన్న కొవ్వు ఒంటికి పట్టదు. కొవ్వుతో పాటే లోపలికి వెళ్ళాల్సిన ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. తిన్నదే ఒంటికి పట్టని బిడ్డకి తిండి ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇలాంటి పిల్లలకి వాళ్ళ వయసు పిల్లలు తినేదానికంటే కనీసం పావు వంతు, కొందరికి సగం వంతు ఎక్కువ కేలరీలు కావాలి.

ఏడాదిలోపు పిల్లలకి ఉప్పు ఎలాగూ అక్కర్లేదు. కాబట్టి ఆ ఒక్క విషయంలో మీ అమ్మగారి మాట విన్నా నష్టం లేదు. నూనె, నెయ్యి మాత్రం ఆపొద్దు. ఎంసీటీ అనే రకం కొవ్వు పైత్యరసం సాయం లేకుండానే నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఎంసీటీ నూనె మందుల షాపుల్లో దొరుకుతుంది, అది కలిపిన పాలపొడులూ ఉన్నాయి. కొబ్బరి నూనెలోనూ కొంత భాగం ఆ రకమే, అందుకే పాప జావలో, పప్పన్నంలో కొబ్బరి నూనె కలపమని మా డైటీషియన్లు చెప్తారు. అలాగని మొత్తం కొవ్వు ఎంసీటీనే అయితే, శరీరం సొంతంగా తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు అందవు. మామూలు నూనె, నెయ్యి కూడా కొంత ఉండాలి. దేన్ని ఎంత వెయ్యాలో డైటీషియన్ పాప బరువు చూసి లెక్క కట్టి ఇస్తారు. తల్లిపాలు మాన్పించకండి.

నోటితో ఎంత పెట్టినా బరువు పెరగకపోతే ముక్కు గొట్టం పెడదాం అంటారు. అక్కడే చాలామంది తల్లులు ఏడుస్తారు. బిడ్డ ఆఖరి దశకి వచ్చిందని అనుకుంటారు, లేదా తనకి పెట్టడం చేతకాలేదని బాధపడతారు. రెండూ నిజం కాదు. రాత్రంతా చిన్న మిషన్‌తో పాలు నెమ్మదిగా వెళ్తుంటే పగలు బిడ్డ తన ఇష్టం మేరకి తింటుంది. గొట్టం పెట్టాక పాలబుగ్గలు వచ్చిన పిల్లల్ని ఎందరినో చూశాను. దాన్ని ఇంట్లో ఎలా వాడాలో తల్లిదండ్రులకి వార్డులోనే నేర్పి పంపిస్తాం. చదువు రాని అమ్మలు కూడా చక్కగా నేర్చుకుంటారు.

ఇంకో సంగతి. తక్కెడ మీద అంకె చూసి మురిసిపోకండి. లివర్, ప్లీహం పెరిగినా, పొట్టలో నీరు చేరినా బరువు పెరిగినట్టే కనిపిస్తుంది. మా క్లినిక్‌లో పిల్ల రాగానే జబ్బ మధ్యన టేపు చుట్టి చూస్తాం. పొట్ట ముందుకొచ్చి, చొక్కా చేతులు వదులుగా వేలాడుతుంటే ఆ బిడ్డ చిక్కిపోతున్నట్టే, తక్కెడ ఏం చెప్పినా సరే. ఇంట్లో మీరూ కుట్టుపని టేపుతో జబ్బ కొలిచి, ప్రతిసారీ ఒకే చోట కొలిచేట్టు చూసుకుని, తేదీ వేసి రాసిపెట్టండి.

విటమిన్లలో కె గురించి ఇవాళే తెలుసుకోవాలి. అది తక్కువైతే రక్తం గడ్డకట్టదు. చిన్నపిల్లల్లో మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష ఈ మధ్య చేయించకపోతే రేపే చేయించండి. అది ఎక్కువగా ఉంటే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చి మళ్ళీ చూస్తారు. ఇంజెక్షన్ తర్వాత సరైపోతే అది విటమిన్ లోటు. సరికాకపోతే లివరే పని తగ్గించుకుంటోందని అర్థం, అప్పుడు మార్పిడి మాట తొందరగా వస్తుంది. ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, తగలకుండానే ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు కనిపించినా, మలం నల్లగా తారులా వచ్చినా, వాంతులతో పాటు మత్తుగా పడుకుంటున్నా పొద్దున్నదాకా ఆగకండి. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళి, బిడ్డకి లివర్ జబ్బు ఉందని మొదటి మాటగా చెప్పండి. మిగతా మూడు విటమిన్లు తొందరగా బయటపడవు గానీ నష్టం తక్కువ కాదు. డి తగ్గితే ఎముకలు వంకర తిరుగుతాయి, ఇ తగ్గితే నరాలు దెబ్బతిని నడక తడబడుతుంది, ఎ తగ్గితే చూపు. మామూలు మల్టీవిటమిన్ చుక్కలు వీళ్ళకి చాలవు. రక్తంలో స్థాయిలు చూసి మోతాదు మార్చాలి, కొన్ని నెలలకోసారి మళ్ళీ చూడాలి.

ఇక దురద. మీరు రాసినదంతా చదివాక ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే మీరు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. తొమ్మిది నెలల పిల్లకి దురదగా ఉందని చెప్పడం రాదు. తల దిండుకేసి రుద్దుతుంది, చెవులు పీక్కుంటుంది, కళ్ళు నులుముకుంటుంది, ఎత్తుకున్నా దించినా ఏడుస్తుంది. చెవుల వెనక, ముంజేతుల మీద గీరిన చారలుంటాయి. ఉయ్యాల గుడ్డ మీద చుక్కచుక్కగా నెత్తురు ఉంటుంది. పిల్ల నిద్రపోదు, నిద్రలేని పిల్ల తినదు, తినని పిల్ల పెరగదు. దురదకి వైద్యం చెయ్యడం అంటే బరువుకి వైద్యం చెయ్యడమే. కొందరు తల్లిదండ్రులు చర్మ డాక్టర్ల దగ్గరే నెలలు గడిపేస్తారు. ఈ దురద చర్మంలో పుట్టింది కాదు, పూతలతో పోయేది కాదు. పైగా కళ్ళు పచ్చబడేలా చేసే బిలిరుబిన్‌కీ దీనికీ పొంతన ఉండదు. కళ్ళు తెల్లబడినా దురద భయంకరంగా ఉండొచ్చు. కాబట్టి బిలిరుబిన్ తగ్గింది కదా అని ఎవరైనా అంటే, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో మీరు చెప్పండి. ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకురండి. డాక్టరుకి అది పరీక్ష రిపోర్టంత పనికొస్తుంది.

మందుల్లో మొదట ఉర్సోడీఆక్సికోలిక్ యాసిడ్ ఇస్తారు. తర్వాత రిఫాంపిసిన్. ఇది టీబీ మందు కదా, మా పాపకి టీబీ ఉందా అని ఫోన్లు వస్తుంటాయి. లేదు, దురద తగ్గించే గుణం కూడా దానికి ఉంది. మూత్రం, కన్నీళ్ళు నారింజ రంగులో వస్తాయి, కంగారు పడకండి. కాకపోతే అది కొందరిలో లివర్‌ని ఇబ్బంది పెడుతుంది కాబట్టి రక్తపరీక్షలు మానకూడదు. కొలెస్టిరమిన్ పొడి ఇస్తే దాన్ని మిగతా మందులతో, విటమిన్లతో కలిపి ఇవ్వకండి, వాటిని కూడా పట్టేసుకుని బయటకి తీసుకుపోతుంది. మిగతావి దానికంటే గంట ముందు గానీ, నాలుగు గంటల తర్వాత గానీ ఇవ్వాలి. ఈ వేళలు ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఇంట్లో గోళ్ళు పొట్టిగా కత్తిరించడం, రాత్రిపూట చేతులకి పల్చటి నూలు సాక్సులు తొడగడం, గోరువెచ్చని నీళ్ళ స్నానం, తడి ఆరకముందే కొబ్బరి నూనె రాయడం కొంత ఉపశమనం ఇస్తాయి. మన వైపు ఎండలకి చెమట పడితే దురద ఇంకా రేగుతుంది, ఫ్యాను గాలి తగిలేలా పడుకోబెట్టండి.

ఒడెవిక్సిబాట్ అనే కొత్త మందు గురించి మీరు ఇంటర్నెట్‌లో చదివే ఉంటారు. పేగు చివర పైత్య లవణాలు తిరిగి రక్తంలోకి వెళ్ళకుండా అది ఆపుతుంది. అమెరికాలో, యూరప్‌లో 2021లో అనుమతి వచ్చింది. మారలిక్సిబాట్ కూడా ఆ కోవదే. ధర సామాన్యులు మొయ్యగలిగింది కాదు. పైగా పంపు బొత్తిగా లేని పిల్లల్లో ఇవి అంతగా పనిచెయ్యవు, కొంచెమైనా పంపు మిగిలి ఉంటే ఉపయోగం ఎక్కువ. పైత్యరసాన్ని కొంత బయటికి సంచీలోకి మళ్ళించే ఆపరేషన్ ఫలితం కూడా చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. అందుకే మీ జన్యు రిపోర్టులో రెండో రకం అన్న మాట ఒక్కటే చాలదు, ఆ జన్యువులో సరిగ్గా ఏ మార్పు ఉందో ముఖ్యం. రిపోర్టు అన్ని పేజీలూ తీసుకురండి, మొదటి పేజీ ఫోటో ఒక్కటే పంపితే లాభం లేదు.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని మీరు కంగారు పడ్డారు. నా ఉద్దేశంలో ఇద్దరి మాటలోనూ నిజముంది. రెండో రకం పిల్లల్లో చాలామందికి ఏదో ఒక వయసులో మార్పిడి అవసరం పడుతుంది. ఈ రకంలో చిన్న వయసులోనే లివర్ క్యాన్సర్ వచ్చే ప్రమాదం కూడా ఉంది, అందుకే స్కానింగ్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేస్తుండాలి. అలాగని వచ్చే వారమే ఆపరేషన్ చెయ్యాల్సిన పని చాలామందికి ఉండదు. బాగా తినిపించినా ఎదుగుదల ఆగిపోతే, మందులు వేసినా దురద లొంగకపోతే, పొట్టలో నీరు చేరితే, రక్తపు వాంతులైతే, ఐఎన్‌ఆర్ ఇంజెక్షన్‌కి లొంగకపోతే, ఏఎఫ్‌పీ పెరుగుతుంటే అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. ఆ లోపు దొరికే సమయాన్ని బిడ్డకి కండ పట్టించడానికి వాడుకోవాలి. చిక్కిపోయిన పిల్లలకి ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువ, కోలుకోవడం ఆలస్యం. మరీ చిన్న పిల్లల్లో రక్తనాళాలు సన్నగా ఉండి, కుట్టిన చోట గడ్డకట్టే ప్రమాదమూ ఎక్కువే. అందుకే మీరు మొదట కలవాల్సింది పిల్లల లివర్ డాక్టరుని. సర్జన్ని ఆ తర్వాత కలవొచ్చు.

టీకాలు చాలామంది మర్చిపోతారు. తొమ్మిదో నెల తట్టు–రుబెల్లా టీకా వేయించారా? లేకపోతే డాక్టరుని అడిగి వెంటనే వేయించండి. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడతారు కాబట్టి తట్టు, ఆటలమ్మ లాంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు మామూలుగా వెయ్యరు. ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే అవి పూర్తవ్వాలి. హెపటైటిస్ ఎ, బి, న్యుమోకాకల్, ఫ్లూ టీకాల సంగతి కూడా అప్పుడే అడగండి.

లివర్ ఎవరిస్తారు? ఎక్కువగా అమ్మో నాన్నో. పెద్దవాళ్ళ లివర్‌లో ఎడమ పక్కన చిన్న ముక్క ఇంత చిన్న పాపకి సరిపోతుంది. దాతకి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో లివర్ మళ్ళీ పెరుగుతుంది. మాలోనూ ఆ జన్యులోపం ఉంది కదా, మా లివర్ పనికొస్తుందా అని అందరూ అడుగుతారు. మీలో ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకటి బాగానే ఉంది, మామూలుగా అది చాలు, పరీక్షలన్నీ చేసే నిర్ణయిస్తారు. దాతకి ప్రమాదం తక్కువే గానీ సున్నా కాదు, అది మీ ఇద్దరూ కూర్చుని విడిగా వినాల్సిన విషయం. నాన్నలు ఎక్కువగా ఆగిపోయేది లివర్‌లో కొవ్వు వల్ల. మీకు పొట్ట ఉంటే ఇవాళ్టి నుంచే నడవడం మొదలుపెట్టండి, తాగుడు అలవాటుంటే మానెయ్యండి. అవసరం వచ్చే నాటికి సిద్ధంగా ఉంటారు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులు ఇవ్వొచ్చు, 2011 సవరణతో తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు కూడా ఆ జాబితాలోకి వచ్చారు. బాబాయి, మేనమామ లాంటివాళ్ళైతే అధికార కమిటీ అనుమతి కావాలి. కాగితాల్లో ఎక్కువ రోజులు తినేసేది పేర్ల తేడా. మీ ఆవిడ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాప పుట్టిన సర్టిఫికెట్‌లో మెట్టినింటి పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

మన దేశంలో చిన్నపిల్లల లివర్ మార్పిడి మొదటిసారి విజయవంతమైంది 1998 నవంబర్‌లో, ఢిల్లీ అపోలోలో. బిడ్డ మన పక్కనున్న కాంచీపురం బాబు, లివర్ ముక్క ఇచ్చింది వాళ్ళ నాన్న. ఆ బాబు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. మార్పిడి తర్వాత రోజూ మందు వేసుకోవాలి, రక్తంలో ఆ మందు (టాక్రోలిమస్) స్థాయి చూపించుకోవాలి, జ్వరమొస్తే అశ్రద్ధ చెయ్యకూడదు. ఇవి జీవితాంతం ఉంటాయి. రెండో రకంలో కొద్దిమందికి కొత్త లివర్‌లోనూ అలాంటి ఇబ్బంది తిరిగి రావచ్చు, దానికీ వైద్యం ఉంది, కానీ ముందే తెలిసి ఉండటం మంచిది.

చెన్నై మీకు దగ్గర, రండి. క్రోంపేటలో రేలా ఇన్‌స్టిట్యూట్, పెరుంబాక్కంలో గ్లెనీగల్స్, నగరం మధ్యలో అపోలో పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ రంగంలో ఎగ్మోర్ హాల్స్ రోడ్డులో పిల్లల ఆసుపత్రి ఉంది, స్టాన్లీలో మార్పిడి విభాగం ఉంది. సెంట్రల్లో దిగి రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం లోకల్ ఎక్కితే నేరుగా క్రోంపేట. వార్డుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, భాష గురించి బెంగపడకండి. ఎక్కడికి వెళ్ళినా, పిల్లల లివర్ డాక్టరు రోజూ ఉంటారా, పిల్లల ఐసీయూ విడిగా ఉందా, పది కిలోల లోపు పిల్లలకి తరచూ చేస్తున్నారా, రాత్రి జ్వరమొస్తే ఏ నంబరుకి చెయ్యాలి అని అడగండి. ఆపరేషన్ అయ్యాక మామూలుగా రెండు మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. ఆ ఇంటి అద్దె కూడా మీ లెక్కలో వేసుకోండి.

డబ్బుకి ఒకే దారి ఉండదు. తమిళనాడు బీమా పథకం అక్కడి కుటుంబాలకే. మీరు ముందు ఆంధ్ర వైద్యసేవ పథకం ఆరోగ్యమిత్రని కలవండి, ఆ పథకానికి చెన్నైలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులున్నాయి, ఈ ఆపరేషన్ దాని కిందకి వస్తుందో లేదో ఆయనే చూసి చెప్తారు. ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయనిధికి ఆసుపత్రి ఖర్చు అంచనా కాగితంతో విడివిడిగా దరఖాస్తు పెట్టండి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకి 50 లక్షల దాకా సాయం ఉంది. మీ పాప జబ్బు దాని కిందకి వస్తుందా అని హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ–నిమ్స్‌లోనో, బెంగళూరు ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రిలోనో అడగండి. పొలం అమ్మే ముందు మా కోఆర్డినేటర్లతో ఒక గంట కూర్చోండి. చారిటీ ట్రస్టులకి రాసే ఉత్తరాలు మేమే రాసిపెడతాం.

మేనరికం సంగతి. ఈ లోపం అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చినప్పుడే జబ్బవుతుంది. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాతల నుంచి అదే లోపం వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రమాదం పెరుగుతుంది. చుట్టరికం లేని దంపతుల పిల్లలూ మా వార్డులో ఉంటారు. ఏదైనా సరే, సగం మీది, సగం ఆవిడది. మీ ఇంట్లో ఎవరైనా కోడలి వైపు వేలు చూపిస్తుంటే ఈ మాట మీరే గట్టిగా చెప్పాలి, ఆవిడ చెప్పుకోలేరు. ఇంకో మాట కూడా ఆవిణ్ణి అడగండి, కడుపుతో ఉన్నప్పుడు చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టాయా అని. ఒక కాపీ లోపం ఉన్న తల్లుల్లో కొందరికి గర్భంలో అలా అవుతుంది. మళ్ళీ గర్భం వస్తే డాక్టరుకి మొదటి నెలలోనే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ముందు కూడా చెప్పాలి.

ప్రతి కాన్పులోనూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఒక బిడ్డకి వచ్చింది కదా, ఇక మిగతావాళ్ళకి రాదనే లెక్క లేదు. మీ ఇద్దరి రక్తంలో ఆ మార్పు ఉన్నట్టు ముందే నిర్ధారించుకుంటే, గర్భం 11 వారాలు దాటాక మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఉందో లేదో చెప్పగలరు. గర్భం వచ్చాక మొదలుపెడితే రిపోర్టుల కోసం ఎదురుచూస్తూనే వారాలు గడిచిపోతాయి. పాప కోసం చెన్నై వచ్చిన రోజే జన్యు కౌన్సెలింగ్‌కి కూడా పేరు రాయించుకుని, ఇద్దరూ రక్తం ఇచ్చి వెళ్ళండి.